పెంకుటింటి నడిమి స్తంభాలు తీసి ఉక్కు దూలం వేయవచ్చా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు విషయం ఇది. సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో మీ తాతగారి నాటి పెంకుటింట్లో ముందు గోడకూ వెనుక గోడకూ మధ్య 26 అడుగులు, హాలుకు రెండు పక్కలా కొప్పు దాకా లేచిన అడ్డగోడల మధ్య 20 అడుగులు ఉన్నాయి. కొప్పు పొడవునా సాగే వెన్నుదూలం కింద, హాలు నడుమ, రెండు టేకు స్తంభాలు దాదాపు సమదూరంలో నిలబడి ఉన్నాయి. వాటిని తీసేసి హాలంతా ఖాళీగా వాడుకోవాలని మీ కోరిక. ఎనిమిదంగుళాల ఐ-బీము ('I' ఆకారపు ఉక్కు దూలం) ఒకటి తెచ్చి రెండు అడ్డగోడల్లో రంధ్రాలు కొట్టి దోపితే చాలని, రెండు రోజుల పని అని మేస్త్రీ గారు అన్నారు. ఆ సైజు సరిపోతుందా అని మీరు అడిగారు.

స్తంభాలు తీయవచ్చు. కానీ బీము సైజు తేల్చడం ఈ పనిలో అన్నిటికంటే తేలికైన భాగం. ఆ స్తంభాలు ఇప్పుడు చేస్తున్న పనులేమిటి, అవి లేనప్పుడు ఆ బరువు ఏ దారిన నేలకు చేరుతుంది, మారే ఆ కొద్ది రోజుల్లో కప్పును ఎవరు మోస్తారు అన్న మూడు విషయాలు తేలకుండా బీము కొంటే డబ్బు ఖర్చయినా భయం మాత్రం ఇంట్లోనే ఉంటుంది. మేస్త్రీ గారు చెప్పిన మాటలో ఈ మూడింటిలో ఒక్కదాని ప్రస్తావన కూడా లేదు.

స్తంభాల పనిని రెండు భాగాలుగా చూడాలి. మొదటిది అందరికీ కనిపించేది: అవి వెన్నుదూలాన్ని మోస్తున్నాయి. పాత ఇళ్లలో 20 అడుగుల పొడవున ఒకే దుంగ అరుదుగా దొరికేది కాబట్టి, వెన్నుదూలాన్ని రెండు మూడు ముక్కలుగా చేసి, స్తంభం తల మీదనే అతుకు వేసేవారు. మీ ఇంట్లోనూ అలాగే ఉండే అవకాశం ఎక్కువ. అటువంటి చోట స్తంభం తీస్తే అతుకు గాలిలో తేలుతుంది. అందుచేత కింద వచ్చే ఉక్కు దూలం ఒక గోడ నుంచి మరో గోడ దాకా అఖండంగా ఉండి, పాత దూలాన్ని అతుకుల దగ్గర తప్పనిసరిగా, మధ్యలో కూడా చాలా చోట్ల పట్టుకోవాలి. నిచ్చెన వేసుకొని ఎక్కి అతుకులు ఎక్కడున్నాయో ఒక కాగితం మీద గుర్తించుకోవడం మీరే చేయగల పని, ఇంజినీరు వచ్చేలోపు చేసి పెట్టండి.

రెండో పని కంటికి కనిపించదు. వెన్నుదూలం గట్టిగా నిలిచి ఉన్నంత కాలం, రెండు వైపులా దిగే వాసాలు పై చివర దూలం మీద, కింది చివర గోడ మీద కూర్చుంటాయి. గోడలను బయటికి నెట్టవు. వెన్నుదూలం కిందికి జారడం మొదలైతే మాత్రం ఎదురెదురు వాసాలు ఒకదానికొకటి ఆని, ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఆ తోపుడు కింది చివర్ల ద్వారా ముందు, వెనుక గోడల తలల మీద పడుతుంది. పేక ముక్కలతో పిల్లలు కట్టే ఇల్లు కింద పట్టు లేకపోతే కాళ్లు చాచి కూలేది ఈ కారణంగానే. మీ కొలతలకు, వాలు 25 డిగ్రీలని అనుకొని లెక్క వేశాను: వెన్నుదూలపు ఆధారం పూర్తిగా పోతే, పెంకుల, కలప సొంత బరువుకే గోడ పొడవున ప్రతి మీటరుకు సుమారు 390 కిలోల అడ్డ తోపుడు వస్తుంది. ఒకటిన్నర అడుగు మందం, పదకొండు అడుగుల ఎత్తు ఉన్న రాతి గోడ అయినా, తన బరువుతో మాత్రమే దాన్ని ఆపలేదు. కాబట్టి కొత్త దూలం విరగకుండా ఉండడం ఒక్కటే చాలదు, అది పెద్దగా వంగకూడదు కూడా. ఇళ్ల విషయంలో నేను బలం కంటే వంపునే ముందుగా చూస్తాను.

ఇప్పుడు బరువు లెక్క చూద్దాం. రీపర్లతో (పెంకులు ఆనే సన్నని చెక్కలతో) కలిపి మంగుళూరు పెంకుల బరువు, మన వాడుకలో బెంగుళూరు పెంకులనేవి, వాలు మీద చదరపు మీటరుకు దాదాపు 65 కిలోలు. వాలును సమతలానికి మార్చి, వాసాలను కలిపితే చదరపు మీటరుకు సుమారు 90 కిలోలు అనుకోవచ్చు. మరమ్మతుకు ఎక్కే మనిషి బరువు వంటి తాత్కాలిక భారాన్ని, కట్టడాల మీది బరువులకు భారత ప్రమాణమైన ఐఎస్ 875 రెండో భాగం వాలును బట్టి తగ్గించుకోనిస్తుంది: పది డిగ్రీల దాకా చదరపు మీటరుకు 75 కిలోలు, ఆపైన ప్రతి డిగ్రీకి 2 కిలోల చొప్పున తగ్గింపు, 40 కిలోలకు తగ్గకుండా. 25 డిగ్రీలకు అది 45 కిలోలు. మొత్తం 135. ముందు, వెనుక వాలుల్లో సగం చొప్పున వెన్నుదూలానికి వస్తుంది కాబట్టి నాలుగు మీటర్ల వెడల్పు దాని వంతు; అంటే మీటరుకు 540 కిలోలు. పాత దూలం, కొత్త ఉక్కు కలిపి మరో 70 వేసుకుంటే 610 కిలోలు. ఇది మీ ఇంటి కప్పు బెంగుళూరు పెంకు అయితేనే. పెంకుల కింద పలక పెంకులు పరిచి ఉన్నా, సున్నంతో అతికి ఉన్నా, లేదా గూన పెంకులు రెండు వరుసలుగా పరిచి ఉన్నా బరువు చాలా పెరుగుతుంది. పాతకాలంలో ఎలుకలకు, ఎండకు అడ్డుగా అటక మీద మట్టి పోసిన ఇళ్లు కూడా ఉన్నాయి. అలాంటిదేమైనా ఉంటే పై అంకెలన్నీ పక్కన పెట్టి, ఒక చదరపు మీటరు కప్పు విప్పి తూకం వేయించండి.

ఆరు మీటర్ల స్పాను (ఆధారాల మధ్య దూరం) మీద మీటరుకు 610 కిలోలంటే, భద్రతా గుణకం 1.5 తో కలిపి, దూలం మధ్యలో దూలాన్ని వంచే బలం దాదాపు 41 కిలోన్యూటన్ మీటర్లు వస్తుంది. మేస్త్రీ గారు చెప్పిన ఎనిమిదంగుళాల బీము ఐఎస్ఎంబీ 200 (200 మిల్లీమీటర్ల లోతున్న ప్రామాణిక ఐ-బీము). దాని పై ఫ్లాంజ్ (ఐ ఆకారంలోని పై అడ్డ పలక) పక్కకు కదలకుండా పొడవునా పట్టుబడి ఉంటే, మామూలు 250 గ్రేడు ఉక్కుతో అది 57 దాకా మోస్తుంది. ఆ లెక్కన మేస్త్రీ గారి మాట నిజమే. కానీ పట్టు లేకుండా ఆరు మీటర్లు ఒంటరిగా ఉంటే, అదే బీము బరువుకు పక్కకు ఒరిగి మెలి తిరుగుతుంది. ఉక్కు కట్టడాల ప్రమాణమైన ఐఎస్ 800 సూత్రం ప్రకారం దాని సత్తా 19 దగ్గరే ఆగిపోతుంది. మూడో వంతు! ఐ-బీము నిలువుగా ఎంత బలమైనదో అడ్డంగా అంత బలహీనమైనది. పాత టేకు దూలం దాని మీద ఊరికే కూర్చుంటే దాన్ని పట్టు అనుకోవడానికి వీల్లేదు. వంపు లెక్క కూడా దీనికి అనుకూలంగా లేదు: ఐఎస్ఎంబీ 200 ఆ బరువుకు మొత్తం 23 మిల్లీమీటర్లు వంగుతుంది. కోడ్ చెప్పే స్పానులో మూడు వందల వంతు పరిమితి తాత్కాలిక భారానికి మాత్రమే వర్తిస్తుంది కాబట్టి కాగితం మీద అది పాసవుతుంది. కానీ కొప్పు ముప్పావు అంగుళానికి పైగా కిందికి దిగితే పెంకుల వరసలు ఎడమవుతాయి, వానాకాలంలో కారుతుంది, పైన చెప్పిన గోడల తోపుడు కూడా కొద్దిగా మొదలవుతుంది.

ఐఎస్ఎంబీ 250 అయితే వంపు 10 మిల్లీమీటర్లు. పక్క పట్టు లేకుండా దాని సత్తా 41 కి సరిగ్గా అంచున ఉంటుంది, పట్టుతో వంద దాటుతుంది. కాబట్టి ఐ-బీమే వేయాలనుకుంటే 250 వేయించండి. దానితో పాటు, మీటరుకొక చోట పై ఫ్లాంజ్‌కూ పాత దూలానికీ మధ్య ఉక్కు క్లీట్లు (కలిపి పట్టే చిన్న ముక్కలు) పెట్టి బోల్టులతో బిగించాలి. వెన్నుదూలాన్ని రెండు వైపుల వాసాలు త్రిభుజంలా పట్టుకుంటాయి కనుక ఆ దూలాన్ని పట్టుకున్న ఉక్కు కూడా పక్కకు కదలదు. అయితే వాసాల మేకులు తుప్పు పట్టి, చివరలు పుచ్చిపోయి ఉంటే ఆ త్రిభుజం పేరుకే ఉంటుంది. ముందు వాటిని బాగు చేయించాలి.

నా సలహా అడిగితే మీ ఇంటికి ఐ-బీము కంటే రెండు ఛానళ్ల పద్ధతి మేలు. పాత వెన్నుదూలానికి అటొకటి ఇటొకటిగా ఐఎస్ఎంసీ 200 ఛానళ్లను ('C' ఆకారపు ఉక్కు దూలాలను) ఆనించి, రెండడుగులకొక చోట దూలంలో నుంచి అడ్డంగా బోల్టులు దూర్చి బిగించడం ఆ పద్ధతి. దూలం లోతు ఎనిమిదంగుళాలకు తక్కువైతే ఛానళ్ల పై అంచును వాసాల కిందికి సరిపెట్టి, దూలం కింద టేకు చెక్కలతో నింపుకోవచ్చు. వంపు 14 మిల్లీమీటర్ల దాకా వస్తుంది కానీ, అందులో పది మిల్లీమీటర్లు నిత్యం ఉండే బరువు వల్ల వచ్చేదే; దాన్ని బిగించే సమయంలోనే తీసేయవచ్చు, ఎలాగో కింద చెబుతాను. అతుకులు రెండు ఉక్కు పలకల మధ్య ఇరుక్కుంటాయి. మెలి తిరిగే బెడద చాలా తగ్గుతుంది. హాలు ఎత్తు పెద్దగా తగ్గదు. ఇక మోత విషయం: ఆరు మీటర్ల ఐఎస్ఎంబీ 250 ఒక్కటే 224 కిలోలు, ఒక్కో ఛానలు 133 కిలోలు. రాణిగంజ్ నుంచి లారీ మీ వీధి దాకా వస్తుంది, కానీ వసారా దాటించి, తలుపులోంచి తిప్పి, కొప్పు ఎత్తుకు ఎక్కించాల్సింది మనుషులే. కప్పు కింద చెయిన్ పుల్లీ కట్టడానికి పాత వాసాలను మాత్రం వాడనివ్వకండి. దానికి విడిగా పరంజా కావాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను: దూలం చివరలు. ఇప్పుడు ఒక్కో స్తంభం దాదాపు 1.2 టన్నులు మోస్తోంది, అడ్డగోడలు ఒక్కోటి సుమారు 0.6 టన్నులు మోస్తున్నాయి. స్తంభాలు పోయాక అదంతా రెండు గోడలకే చేరి, ఒక్కో గోడ మీద ఒకే బిందువు దగ్గర 1.8 టన్నులు పడుతుంది. మూడు రెట్లు. బీము చివరను గోడలో తొమ్మిదంగుళాలు దోపి వదిలేస్తే, ఆ అయిదంగుళాల ఫ్లాంజ్ కింద రాతి మీద చదరపు సెంటీమీటరుకు ఆరు కిలోలకు పైగా ఒత్తిడి వస్తుంది. డంగు సున్నంతో కట్టిన మంచి గోడ దాన్ని భరించవచ్చు. కానీ మన పాత ఇళ్లలో బయటి పూత సున్నమై, లోపల రాళ్ల మధ్య మట్టే ఉన్న గోడలు చాలా ఉన్నాయి. ఆ మట్టికి ఈ ఒత్తిడి ఎక్కువ. పూత ఒక చోట అరచేయి మేర తీసి, రాళ్ల సందులో స్క్రూడ్రైవరు గుచ్చి చూడండి: గోకితే పొడిగా రాలుతుంటే అది మట్టి లేదా చనిపోయిన సున్నం. రెండు అడుగుల పొడవు, అడుగు వెడల్పు, తగిన మందం ఉన్న ఇనుప కడ్డీల కాంక్రీటు దిమ్మెను బీము చివర కింద వేస్తే ఒత్తిడి ఒక కిలోకు పడిపోతుంది. మట్టి గోడలో అది కూడా నాకు నచ్చదు. అక్కడ గోడకు ఆనించి నాలుగంగుళాల చదరపు ఉక్కు గొట్టం, అయిదు మిల్లీమీటర్ల మందంది, నేల దాకా నిలబెట్టి, కింద కొత్త పునాది వేయించడమే సరైనది. గోడ రంగే వేస్తే ఎవరి కంటా పడదు, గోడకు ఏ భారమూ పెరగదు. మొరం నేలలో మూడడుగుల చదరపు పునాదికి 1.8 టన్నులు చాలా చిన్న బరువు. నల్లరేగడి తగిలితే మాత్రం మొరం దాకా దిగాలి.

చివరల దగ్గర మరొకటి చూసుకోవాలి. పాత గోడల్లో దీపపు గూళ్లు, గోడ అల్మారాలు, మూసేసిన తలుపులు ఉంటాయి, పూతలు పడి కనిపించకుండా పోతాయి. బీము కూర్చునే చోటికి సూటిగా కింద అలాంటి ఖాళీ ఉందేమో గోడను సుత్తితో తట్టి చూడండి. ఉంటే దాన్ని ముందు ఇటుక, సిమెంటుతో నింపాలి, లేదా ఉక్కు గొట్టం పద్ధతికి మారాలి.

పని వరుస విషయంలో నేను కాస్త కఠినంగానే చెబుతాను, ఎందుకంటే ఇలాంటి పనుల్లో ప్రమాదాలు చాలా వరకు మార్పిడి సమయంలోనే జరుగుతాయి. పెంకులు తిరిగి పరిపించే ఆలోచన ఎలాగూ ఉంటే, కొప్పుకు రెండు వైపులా ఒక్కో గజం మేర పెంకులు దింపి టార్పాలిన్ కప్పండి. బరువు తగ్గుతుంది, దూలాన్ని పైనుంచి చూసే వీలూ కలుగుతుంది. జనవరి నుంచి మార్చి దాకా అనుకూలమైన కాలం. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు హఠాత్తుగా వచ్చే ఈదురు గాలులు విప్పిన కప్పుకు వానకంటే ప్రమాదం. తరవాత ప్రతి స్తంభానికి రెండు వైపులా ఉక్కు ప్రాపులు (తాత్కాలిక పోటు స్తంభాలు), వాటి తలల మీద వెన్నుదూలం కిందుగా వెళ్లే అడ్డ దూలాలు పెట్టాలి. ప్రాపుల కాళ్లు షాబాద్ బండల మీద నేరుగా పెడితే బండ పగులుతుంది, దాని కింద డొల్ల ఉండవచ్చు కూడా. ప్రతి కాలికీ రెండంగుళాల మందం పలకలు పరవాలి. కప్పును పైకి ఎత్తి నిటారు చేయాలన్న ఆశ వద్దు. దశాబ్దాలుగా వంగి స్థిరపడిన టేకును ఒక్క పూటలో సరిచేయబోతే గోడల తలలు పగులుతాయి. స్తంభం మీద బరువు తేలికయ్యే దాకా, రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే ఎత్తాలి.

ఛానళ్లు బిగించాక, గోడల దగ్గర వాటి చివరల కింద జాకీలు పెట్టి, ఛానళ్లు ముందే కొద్దిగా వంగేలా బరువు ఎక్కించి, చివరలకూ దిమ్మెలకూ మధ్య ఉక్కు చీలలు (సందు బిగించే ముక్కలు) పెట్టాలి. అలా చేస్తే పైన చెప్పిన పది మిల్లీమీటర్ల వంపు స్తంభం తీయకముందే వచ్చేస్తుంది, కొప్పు కిందికి దిగదు. పెంకులు కొంత దింపి ఉంటే ఎక్కించే బరువు కూడా ఆ మేరకే తగ్గాలి. ఇంజినీరు మీకు ఒక అంకె రాసి ఇవ్వాలి, మేస్త్రీ అంచనాకు వదలకూడదు. చివరి సందుల్ని కుంచించుకుపోని గ్రౌటుతో (సందుల్లో పోసే సిమెంటు ద్రవంతో) నింపి, అది గట్టిపడే దాకా ఆగాలి. ఆ తరవాత స్తంభం తలలోని చీలను చేత్తో కదిపి చూడండి. సులువుగా వస్తే ఆ స్తంభం ఖాళీగా ఉన్నట్టు. గట్టిగా ఉంటే ఇంకా బరువు దాని మీదే ఉన్నట్టు, రంపం దగ్గరికి రాకూడదు. రెండు స్తంభాలనూ ఒకే రోజు తీయవద్దు. ఒకటి తీసి, మరునాడు కొలతలు చూసి, రెండోది తీయించండి.

వెల్డింగు గురించి ఒక మాట. ఎండిపోయిన టేకు, దాని మీద పావురాల గూళ్లు, దశాబ్దాల సాలెగూళ్లు, వీటి కింద వెల్డింగు నిప్పురవ్వలు ఎగరడం నాకు ఊహించుకోవడానికే ఇష్టం లేదు. రంధ్రాలు, క్లీట్లు అన్నీ షాపులోనే చేయించి, ప్రైమరు కొట్టించి, ఇంట్లో బోల్టులు మాత్రమే బిగించాలి. గోడలో దాగే చివరలకు రెండు పూతల రంగు అదనంగా వేయించండి, ఆ తరవాత వాటిని చూసేవారుండరు. ఒక చివర బోల్టు రంధ్రాలు గుండ్రంగా కాక దూలం పొడవు దిశలో కోలగా ఉండాలి; ఎండాకాలం పెంకుల కింద వేడికి ఆరు మీటర్ల ఉక్కు దాదాపు రెండు మిల్లీమీటర్లు సాగుతుంది.

చెదలు మరిచిపోవద్దు. గోడలో దూరిన దూలం చివరలు, స్తంభాల పాదాలు స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. పుచ్చిన దూలానికి ఉక్కు తోడిచ్చి ప్రయోజనం లేదు.

పెంకులు తీసేసి రేకులు వేద్దాం, బరువు తగ్గుతుంది అని మీ ప్రశ్న చివర రాశారు. రేకు బరువు చదరపు మీటరుకు అయిదు కిలోలే, నిజమే. కానీ హైదరాబాద్‌కు ఐఎస్ 875 మూడో భాగం ఇచ్చే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు. పెంకుల కప్పు తన బరువుతో ఆ గాలిని ఆపుతుంది, రేకుల కప్పు ఎగరబోతుంది. అప్పుడు లెక్కంతా తలకిందులై, దూలాన్ని, వాసాలను గోడలకు, గోడలను పునాదికి కట్టిపడేయాలి. మీ ఇంటికి పెంకే ఉండనివ్వండి.

అనుమతుల విషయం. స్తంభం తీసి దూలం వేయడం రంగులు వేయడం లాంటి మరమ్మతు కాదు, నిర్మాణంలో మార్పు. మారేడ్‌పల్లిలో మీ వీధి నగర పాలక సంస్థ కిందికి వస్తుందో, కంటోన్మెంట్ బోర్డు కిందికి వస్తుందో ముందు తేల్చుకొని, లైసెన్సు ఉన్న స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం చేసిన డ్రాయింగుతో అక్కడి టౌన్ ప్లానింగ్ విభాగాన్ని అడగండి. పక్కింటి గోడ మీ అడ్డగోడతో ఉమ్మడిగా ఉంటే వారికి ముందే చెప్పి, వారి వైపు గోడ ఫొటోలు తీసి పెట్టుకోవడం ఇద్దరికీ మంచిది.

ఇంజినీరును పిలిచేటప్పుడు ఈ వివరాలు సిద్ధంగా ఉంచండి: వెన్నుదూలం, వాసాల కొలతలు, అతుకుల స్థానాలు, గోడ పూత తీసిన చోటి ఫొటో, పెంకుల కింద ఏముందో, అడ్డగోడల్లో ఖాళీలు ఎక్కడున్నాయో. పని మొదలు కాకముందే కొప్పు మధ్యన, రెండు అడ్డగోడల దగ్గర, ముందు వెనుక గోడల తలల దగ్గర గుర్తులు పెట్టి, నీటి గొట్టంతో మట్టం కొలిచి రాసుకోండి. ముందు వెనుక గోడల మధ్య దూరాన్ని కూడా తల దగ్గర కొలవండి. రెండో స్తంభం తీసిన రోజున, వారానికి, మొదటి వానాకాలం ముగిశాక మళ్లీ అవే గుర్తుల దగ్గర కొలవాలి. కొప్పు మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్లు దిగితే అది సర్దుబాటు. గోడల మధ్య దూరం పెరిగితే మాత్రం వెంటనే ప్రాపులు తిరిగి పెట్టించి ఇంజినీరును పిలవండి.